ఇంటిదొంగ బేరియం

ఘాజియాబాద్ జిల్లా సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ పేరు చెప్తే సౌరఘటాలే గుర్తొస్తాయి. 1974లో పుట్టిన ఈ ప్రభుత్వరంగ సంస్థ పీజో సెరామిక్స్ కూడా చేస్తుంది, ఆ ఊసు ఎవరూ ఎత్తరు. నొక్కితే కరెంటు పుట్టించే ఆ బిళ్లలది ఫెర్రోఎలక్ట్రిక్ వంశం. ఆ వంశపు సెరామిక్స్‌లో పెద్దన్న బేరియం టైటనేట్, రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా, రష్యా, జపాన్‌లలో ఎవరికి వారికే దొరికింది.

బిళ్లగా బుద్ధిగా ఉండే ఈ పదార్థం నానోపొడిగా నీళ్లలో కలిపితే అడుగుకు ఎందుకు చేరుతుంది?

బరువు వల్ల అనడం తొందరపాటు. నీటికన్నా ఆరు రెట్లు బరువైనదే, కానీ 100 నానోమీటర్ల కణం విడిగా ఉంటే రోజుకు రెండు మిల్లీమీటర్లకు కాస్త పైగా దిగుతుంది, అంతే. పదిరెట్లు లావు ముద్ద కడితే మాత్రం వేగం దాదాపు వందరెట్లు. తంటా అంతా ముద్దకట్టడంతోనే.

కణాలన్నిటికీ ఒకే ఆవేశం ఉంటే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. నీళ్లలో ఉప్పు పెరిగితే ఆ తోపుడు సన్నగిల్లుతుంది. కణానికి వ్యతిరేక ఆవేశమున్న అయాన్‌కు రెండు ఆవేశాలుంటే మరీ ఘోరం. షుల్జ్ 1882లో, హార్డీ 1900లో గమనించిన సంగతే ఇది. డెర్యాగిన్, లాండౌ, వెర్వే, ఓవర్‌బీక్‌ల సిద్ధాంతం దానికి లెక్క కట్టింది: బలమైన ఆవేశమున్న కణాలకు, ఒక ఆవేశపు అయాన్‌తో పోలిస్తే రెండు ఆవేశాల అయాన్ దెబ్బ 64 రెట్లు!

ఇక్కడ ఉప్పు బయటినుంచి వేయనక్కర్లేదు. కణం ఒంటిమీది బేరియమే రెండేసి ధనావేశాలతో నీళ్లలోకి కారుతుంది. నీళ్లు ఆమ్లంగా ఉంటే ఇంకా ఎక్కువ. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ప్రయోగశాలలకూ అదే గతి పట్టింది. ఏ పీహెచ్ దగ్గర కణం ఆవేశం సున్నా అవుతుందో కొలవబోయి, ఒకరు ఆమ్లం వైపు అంకె చెప్తే మరొకరు క్షారం వైపు చెప్పారు. బేరియం పోయిన ఉపరితలం టైటానియాలా (టైటానియం డైఆక్సైడ్‌లా) నడుచుకుంటుంది, కారిన బేరియం మళ్లీ అంటుకుంటే ఇంకోలా. పొడి ఎంతసేపు నానిందో పట్టించుకోకుండా అంకెలు పోల్చి వాదించుకుంటే తెమిలేదేముంది?

అందుకే పూత. పాలీఅక్రిలిక్ ఆమ్లపు గొలుసులు కణాలకు రుణావేశమిచ్చి, మధ్యన అడ్డు కూడా నిలుస్తాయి. కానీ బేరియం వాటినీ పట్టుకుంటుంది, పూత చాలకపోతే అంతా విరిగిపోతుంది. సిలికా పొర కారుదలను అడ్డుకుంటుంది, అయితే దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం, అంటే కెపాసిటర్‌లో ఆవేశాన్ని దాచే సత్తా, నాలుగే. వెయ్యి దాటే పదార్థానికి అంత పేద తొడుగు మందంగా వేస్తే, పొడి చేసిందెందుకు?

ఉపయోగాలంటారా? 2010లో జీబ్రాచేప పిండాల్లో ఈ నానోస్ఫటికాలను పంపి, పరారుణ కాంతిని రెట్టింపు పౌనఃపున్యంతో వెనక్కి రప్పించి బొమ్మలు తీశారు. ఇక ఫోన్లలోని కెపాసిటర్ల పొరలు పోసేందుకు పొడిని టాలీన్ లాంటి ద్రావకాల్లో కలపడం పాత అలవాటు. నీళ్లకు మారాలంటే ముందు ఆ బేరియాన్ని కట్టడి చేయాలి.