వైద్య మార్గదర్శకాల రూపకల్పనలో ఏకాభిప్రాయ పద్ధతులు

ఏ రోగికి, ఏ దశలో, ఏ చికిత్స ఇవ్వాలో తెలిపే సూచనల సంపుటిని వైద్య మార్గదర్శకం అంటారు. అటువంటి మార్గదర్శకాన్ని తయారు చేసేటప్పుడు నిపుణుల బృందంలోని సభ్యుల అభిప్రాయాలను ఒక నియమిత క్రమంలో సేకరించి, క్రోడీకరించి, ఒక నిర్ణయానికి తెచ్చే విధానాలను ఏకాభిప్రాయ పద్ధతులు అంటారు. డెల్ఫీ పద్ధతి, నామమాత్ర బృంద పద్ధతి, ఏకాభిప్రాయ సదస్సు, రాండ్-యు.సి.ఎల్.ఎ. పద్ధతి వీటిలో ముఖ్యమైనవి. ఈ పద్ధతులు శాస్త్రీయ ఆధారాలకు ప్రత్యామ్నాయం కావు. ఉన్న ఆధారాలను బేరీజు వేయడానికి, ఆధారాలు చాలని చోట తీర్పు చెప్పడానికి ఇవి ఉపయోగపడతాయి.

అవసరం

వైద్య ప్రయోగాలు పరిమితమైన ప్రశ్నలకే సమాధానం ఇస్తాయి. ఒక మందును 40 నుండి 65 ఏళ్ళ వయసు గల రోగులపై పరీక్షించినప్పుడు, 80 ఏళ్ళ వృద్ధునికి, పైగా మధుమేహం, మూత్రపిండాల వ్యాధి కూడా ఉన్నవానికి అది ఎంత మేలు చేస్తుందో ఆ ప్రయోగం నేరుగా చెప్పదు. కొన్నిసార్లు రెండు ప్రయోగాల ఫలితాలు పరస్పరం విరుద్ధంగా ఉంటాయి. ఇటువంటి సందర్భాలలో అనుభవజ్ఞుల తీర్పు అవసరమవుతుంది.

అయితే నిపుణులను ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడిస్తే సరైన తీర్పు వస్తుందన్న నమ్మకం లేదు. సీనియర్ ఆచార్యుని మాటకు ఎదురు చెప్పడానికి చిన్నవారు వెనుకాడతారు. గట్టిగా మాట్లాడేవారి అభిప్రాయమే అందరి అభిప్రాయంగా నమోదవుతుంది. సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1951లో ప్రచురించిన ప్రయోగాలలో, గీతల పొడవును పోల్చే సులభమైన ప్రశ్నకు కూడా, చుట్టూ ఉన్నవారు తప్పు చెబితే పలువురు తామూ అదే తప్పు చెప్పారు. అందరూ ఒకే మాట మీద ఉండాలన్న తాపత్రయంలో బృందాలు ఎట్లా పొరబడతాయో ఇర్వింగ్ జానిస్ 1972లో వివరించాడు. ఈ లోపాలను తగ్గించడమే ఏకాభిప్రాయ పద్ధతుల ప్రధాన ఉద్దేశం.

ప్రధాన పద్ధతులు

డెల్ఫీ పద్ధతి

దీనిని 1950వ దశకంలో అమెరికాలోని రాండ్ సంస్థలో నార్మన్ డాల్కీ, ఓలాఫ్ హెల్మర్ రూపొందించారు. మొదట ఇది సైనిక అవసరాల కోసం ఏర్పడినది. దాని వివరాలు 1963లో ప్రచురితమయ్యాయి. భవిష్యవాణికి ప్రసిద్ధి చెందిన గ్రీసు దేశపు డెల్ఫీ క్షేత్రం పేరు మీద దీనికి ఈ పేరు వచ్చింది.

ఇందులో సభ్యులు ఒకచోట కలవరు. ప్రశ్నావళి ఒక్కొక్కరికి విడిగా వెళ్తుంది. వచ్చిన సమాధానాలను నిర్వాహకులు క్రోడీకరించి, పేర్లు లేకుండా తిరిగి అందరికీ పంపుతారు. బృందం మొత్తం ఏమనుకుంటున్నదో చూసి, ప్రతి సభ్యుడు తన సమాధానాన్ని మార్చుకోవచ్చును, లేదా అట్లాగే ఉంచవచ్చును. సాధారణంగా ఇట్లా రెండు లేదా మూడు విడతలు జరుగుతాయి. ఎవరు ఏమన్నారో తెలియదు కనుక హోదాకు తలవంచవలసిన అవసరం ఉండదు. ముఖాముఖి చర్చ లేకపోవడం వలన అభిప్రాయ భేదానికి కారణం బయటకు రాకపోవడం దీనిలోని లోపం.

నామమాత్ర బృంద పద్ధతి

ఆండ్రె డెల్బెక్, ఆండ్రూ వాన్ డి వెన్ దీనిని 1971లో ప్రతిపాదించారు. సభ్యులు ఒకే గదిలో కూర్చున్నప్పటికీ మొదట మాట్లాడుకోకుండా ఎవరి పని వారు చేస్తారు. అనగా అది పేరుకు మాత్రమే బృందం. ఇందులోని దశలు:

1. ప్రతి సభ్యుడు తన ఆలోచనలను మౌనంగా కాగితంపై వ్రాయడం.
2. వరుసగా ఒక్కొక్కరు ఒక్కొక్క ఆలోచన చెప్పగా, వాటిని అందరికీ కనబడేలా వ్రాయడం.
3. ఒక్కొక్క అంశాన్ని చర్చించి స్పష్టం చేసుకోవడం.
4. రహస్యంగా ప్రాధాన్య క్రమం ఇవ్వడం, వాటిని లెక్కించడం.

ఏకాభిప్రాయ సదస్సు

అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలు 1977లో ఈ సదస్సులను ప్రారంభించాయి. మొదటి సదస్సు రొమ్ము క్యాన్సర్ ముందస్తు పరీక్షల గురించి జరిగింది. ఇది న్యాయస్థానాన్ని పోలి ఉంటుంది. విషయ నిపుణులు బహిరంగంగా సాక్ష్యం చెబుతారు. ఏ పక్షానికీ చెందని మండలి వారి మాటలు విని, ప్రశ్నలు అడిగి, విడిగా సమావేశమై తీర్పు వ్రాస్తుంది. బ్రిటనులో కింగ్స్ ఫండ్ సంస్థ 1984లో గుండె బైపాస్ శస్త్రచికిత్సపై ఇటువంటి సదస్సు నిర్వహించింది. అమెరికా సదస్సుల కార్యక్రమం 2013లో ముగిసింది.

రాండ్-యు.సి.ఎల్.ఎ. పద్ధతి

1980వ దశకంలో రాండ్ సంస్థ, లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి దీనిని అభివృద్ధి చేశాయి. ముందుగా పరిశోధనల సమీక్షను సభ్యులకు అందజేస్తారు. తరువాత "ఛాతీ నొప్పి ఉండి, ఒకే రక్తనాళం పూడుకుపోయిన రోగికి బైపాస్ చేయడం" వంటి పరిస్థితులను వివరంగా వ్రాసి, ఒక్కొక్క దానికి 1 నుండి 9 వరకు మార్కులు వేయమంటారు. మొదటి విడత ఎవరి ఇంటి వద్ద వారు, రెండవ విడత సమావేశంలో చర్చించిన తరువాత వేస్తారు. మధ్యగతం 7-9 మధ్య ఉంటే ఆ చికిత్స తగినది, 1-3 మధ్య ఉంటే తగనిది, 4-6 మధ్య ఉంటే సందిగ్ధం.

ఈ పద్ధతి విభేదాన్ని దాచదు. ఉదాహరణకు తొమ్మిది మంది సభ్యులు 2, 3, 3, 7, 8, 8, 8, 9, 9 మార్కులు వేశారనుకొందాము. మధ్యగతం 8. కాని ముగ్గురు 1-3 మధ్య, కనీసం ముగ్గురు 7-9 మధ్య వేశారు కనుక, ఇది విభేదంగా పరిగణింపబడి చికిత్స "సందిగ్ధం" వర్గంలోకి వెళ్తుంది.

బృందం కూర్పు

బృందంలో ఎవరు ఉన్నారన్నదానిపై ఫలితం చాలా వరకు ఆధారపడుతుంది. ఒక శస్త్రచికిత్సను స్వయంగా చేసే వైద్యులు, చేయని వైద్యుల కంటే దానిని ఎక్కువ సందర్భాలలో "తగినది" అని గుర్తిస్తారని అధ్యయనాలలో తేలింది. అందువలన నిపుణులతో పాటు సాధారణ వైద్యులు, నర్సులు, గణాంక శాస్త్రవేత్తలు, రోగుల ప్రతినిధులు కూడా ఉండడం మంచిదని భావిస్తారు. మందుల కంపెనీలతో ఆర్థిక సంబంధాలు ఉంటే ముందే వెల్లడించాలి. ఎంత శాతం అంగీకరిస్తే ఏకాభిప్రాయంగా పరిగణించాలో కూడా ఓటింగుకు ముందే నిర్ణయించుకోవాలి. ఫలితం చూసిన తరువాత గీత గీయడం సరికాదు.

ఉదాహరణ: నెలలు నిండని కాన్పులు, కార్టికోస్టీరాయిడ్లు

నెలలు నిండకుండా పుట్టిన శిశువుల ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగవు. అటువంటి కాన్పుకు ముందు తల్లికి కార్టికోస్టీరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే శిశు మరణాలు తగ్గుతాయని న్యూజీలాండ్‌కు చెందిన గ్రాహం లిగ్గిన్స్, రాస్ హౌయీ 1972లో ప్రచురించారు. తరువాతి ప్రయోగాలలో అనేకం దీనిని బలపరచాయి. వాటన్నిటినీ కలిపి చేసిన క్రమబద్ధ సమీక్ష 1990లో వెలువడింది. అయినప్పటికీ 1990వ దశకం ఆరంభంలో అమెరికాలో అర్హులైన తల్లులలో కొద్దిమందికే ఈ మందు అందేది. దుష్ప్రభావాల గురించిన భయం, వైద్యుల మధ్య భిన్నాభిప్రాయాలు ఇందుకు కారణాలు.

1994లో జరిగిన ఏకాభిప్రాయ సదస్సు ఆ సమీక్షను పరిశీలించి, 24 నుండి 34 వారాల మధ్య కాన్పు వచ్చే ప్రమాదం ఉన్న గర్భిణులకు ఈ మందు ఇవ్వాలని సూచించింది. ఆ తరువాత అమెరికాలో దీని వాడకం వేగంగా పెరిగింది. అదే మందును మళ్ళీ మళ్ళీ ఇవ్వవచ్చునా అన్న ప్రశ్నపై 2000లో సదస్సు జరిగినప్పుడు, ఆధారాలు చాలవు కనుక ప్రయోగాలలో తప్ప ఇవ్వరాదని మండలి తేల్చింది.

భారతదేశంలో 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు వెలువరించి, పెద్దాసుపత్రికి పంపే ముందు ఏ.ఎన్.ఎం.లు కూడా తొలి మోతాదు ఇవ్వడానికి అనుమతించింది. అయితే బెల్గాం, నాగపూర్ ప్రాంతాలతో సహా ఆరు దేశాలలో సుమారు లక్ష కాన్పులపై జరిపిన ప్రయోగం 2015లో ప్రచురితమైనప్పుడు, గ్రామీణ స్థాయిలో ఈ మందు వాడకాన్ని పెంచిన చోట్ల మొత్తం మీద నవజాత శిశు మరణాలు తగ్గలేదు సరికదా, కొంత పెరిగాయి. మందు పొందిన తల్లులలో పలువురికి నిజానికి నెలలు నిండాకే కాన్పు జరిగింది. దరిమిలా ప్రపంచ ఆరోగ్య సంస్థ, గర్భకాలాన్ని కచ్చితంగా లెక్కించగలిగి, తల్లికి ఇన్‌ఫెక్షన్ లేకుండా, శిశువుకు తగిన సంరక్షణ దొరికే చోట మాత్రమే ఇవ్వాలని సూచించింది. భారత్‌తో సహా ఐదు దేశాల ఆసుపత్రులలో జరిగి 2020లో వెలువడిన మరొక ప్రయోగం, అటువంటి వసతులు ఉన్నచోట ఈ మందు శిశు మరణాలను తగ్గిస్తుందని నిరూపించింది.

ఏకాభిప్రాయం బలం, పరిమితి రెండూ ఈ ఉదాహరణలో కనిపిస్తాయి. 1994 నాటి తీర్పు ఆ నాటి ఆధారాలకు సరిపోయింది. కాని ఆ ఆధారాలు ఎక్కువగా వసతులున్న ఆసుపత్రుల నుండి వచ్చినవి. వాటిని మరొక చోటికి యథాతథంగా అన్వయించడానికి బృందం అంగీకారం ఒక్కటే చాలలేదు.

విమర్శలు

పది మంది ఒప్పుకున్నంత మాత్రాన ఒక విషయం నిజం కాజాలదన్నది ఈ పద్ధతులపై ప్రధాన విమర్శ. గుండెపోటు చికిత్సలపై 1992లో ప్రచురితమైన ఒక అధ్యయనం, రక్తపు గడ్డలను కరిగించే మందుల మేలు ప్రయోగాలలో తేలిన చాలా ఏళ్ళ తరువాత గాని నిపుణుల వ్యాసాలు, పాఠ్యగ్రంథాలు వాటిని సిఫారసు చేయలేదని చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సమీక్షల కంటే నిపుణుల మాటపైనే ఎక్కువగా ఆధారపడుతున్నదని 2007లో విమర్శలు రాగా, ఆ సంస్థ మార్గదర్శకాల సమీక్షా సంఘాన్ని ఏర్పాటు చేసుకుంది.

నేడు మార్గదర్శకాలు తయారు చేసే పలు సంస్థలు ముందుగా క్రమబద్ధ సమీక్ష చేయించి, ఆధారాల నాణ్యతను "గ్రేడ్" విధానంలో కొలిచి, ఆ తరువాతే బృందం అభిప్రాయం తీసుకుంటున్నాయి. సిఫారసు ఎంత బలమైనదో, ఏ ఆధారంపై నిలిచిందో, ఎవరు విభేదించారో వ్రాసి ఉంచితే, కొత్త ఆధారం వచ్చినప్పుడు దానిని సరిదిద్దడం తేలికవుతుంది.

ఇవి కూడా చూడండి

* క్రమబద్ధ సమీక్ష
* ఆధార సహిత వైద్యం
* ప్రపంచ ఆరోగ్య సంస్థ
* మధ్యగతం