సొంత పొలంలో గోల్ఫ్ ప్రాక్టీస్: ఎన్ని సెంట్లు ఉంటే సరిపోతుంది?

"అన్నా, మాకు ఊళ్లో కొంచెం ఖాళీ నేల ఉంది, గోల్ఫ్ ప్రాక్టీస్‌కి ఏమైనా చేసుకోవచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. చేసుకోవచ్చు. నేను నూజివీడు వైపు మా బాబాయి వాళ్ల మామిడి తోట పక్కన 60 సెంట్లలో చేసుకున్నాను. అయితే నెట్ ఎక్కడ కొనాలి, స్టిక్ ఏది మంచిది అనే దగ్గర మొదలుపెట్టను. అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. అది తేలితే మిగతాదంతా తేలికే.

నేను నేల చదును చేయిస్తుంటే పక్క పొలం పెద్దాయన గట్టు మీద నిలబడి ఒకే ఒక్క మాట అడిగారు. "అబ్బాయ్, నువ్వు బాగా కొట్టిన బంతి సంగతి సరే. తప్పుగా కొట్టింది ఎక్కడికి పోద్ది? మా బెండ తోటలో పొద్దున్నే ఆరుగురు ఆడవాళ్లు వంగి కోస్తుంటారు." నా ప్లాన్ మొత్తం ఈ ప్రశ్న మీదే నడిచింది. మీ ప్లాన్ కూడా దీని మీదే నడవాలి. ఎందుకో లెక్కలతో చెప్తాను.

గోల్ఫ్ బంతి చిన్నది. వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములకు మించకూడదు. ఇవి ఆట రూల్స్. చేతిలో పెట్టుకుంటే నిమ్మకాయలా ఉంటుంది. కానీ డ్రైవర్, అంటే అన్నిటికంటే దూరం కొట్టే స్టిక్‌తో ఓ మామూలు ఆటగాడు గట్టిగా కొడితే గంటకు 200 కిలోమీటర్ల వేగంతో బయల్దేరుతుంది. క్రికెట్‌లో రికార్డయిన అత్యంత వేగమైన బంతి 2003 వరల్డ్ కప్‌లో షోయబ్ అక్తర్ వేసింది, 161.3 కిలోమీటర్లు. దాన్ని ఎదుర్కొన్న బ్యాట్స్‌మన్‌కి హెల్మెట్, ప్యాడ్లు ఉన్నాయి. బెండకాయలు కోసే అమ్మకి తలమీద తువ్వాలు తప్ప ఏమీ ఉండదు.

ఇప్పుడు నేల లెక్క చూద్దాం. డ్రైవర్‌తో 200 గజాలు కొట్టేవాడు ఉన్నాడనుకోండి. బంతి అనుకున్న దిశకి 15 డిగ్రీలు పక్కకి పోయిందంటే, 200 గజాల దగ్గరకి వెళ్లేసరికి 54 గజాలు తప్పుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి 15 డిగ్రీలు తప్పడం రోజూ జరిగేదే. అటు 54, ఇటు 54, మొత్తం వెడల్పు 108 గజాలు కావాలి. పొడవు 250 గజాలు వేసుకోండి. 27,000 చదరపు గజాలు అయింది. ఎకరం అంటే 4,840 చదరపు గజాలు కదా, కాబట్టి అయిదున్నర ఎకరాలు. అదీ ఒక్క మనిషి కొట్టుకోవడానికి! గాల్లో వంపు తిరిగి ఇంకా పక్కకి పోయే బంతుల్ని ఇందులో కలపనే లేదు.

మన ఎకరం నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు 70 గజాలకి కాస్త తక్కువ. నా 60 సెంట్లు పొడవు 66 గజాలు, వెడల్పు 44 గజాలు. ఇందులో డ్రైవర్‌తో నిటారుగా, చక్కగా కొట్టినా సరే బంతి నా హద్దు దాటి మూడో పొలంలో పడుతుంది. అందుకే రూల్ పెట్టుకున్నాను. ఫుల్ షాట్లన్నీ నెట్‌లోకే. బయట ఖాళీ నేలలో చిన్న షాట్లు మాత్రమే.

"నెట్‌లోకి కొడితే ఏం నేర్చుకుంటాం అన్నా?" అంటారు కదా. టైగర్ వుడ్స్ నడక కూడా రాని పసివాడిగా ఉన్నప్పుడు, వాళ్ల నాన్న ఎర్ల్ వుడ్స్ ఇంటి గ్యారేజ్‌లో నెట్‌లోకి బంతులు కొడుతుంటే చూస్తూ కూర్చునేవాడు. ఆ ఇంట్లో ఆట మొదలైంది గ్యారేజ్ నెట్ దగ్గరే. కాబట్టి నెట్‌ని చిన్నచూపు చూడొద్దు. నెట్ ఎలా కట్టాలో మాత్రం జాగ్రత్తగా వినండి.

మొదటిది, క్రికెట్ నెట్ వాడొద్దు. మన ఊళ్లలో సులువుగా దొరికేది అదే కాబట్టి చాలామంది అదే తెచ్చి కట్టేస్తారు. క్రికెట్ బంతి పెద్దది, ఆ నెట్ కన్ను మామూలుగా 45 నుంచి 50 మిల్లీమీటర్లు ఉంటుంది. గోల్ఫ్ బంతి 42.67. కన్నులోంచి దూరి నేరుగా అవతలికి పోతుంది. 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం కన్ను ఉన్న ముడుల నైలాన్ నెట్ అడగండి.

రెండోది, నెట్‌ని బిగించి కట్టకండి. వాలీబాల్ నెట్‌లా లాగి కడితే బంతి అదే జోరుతో వెనక్కి వచ్చి మీ మొహానికి తగులుతుంది. పరదాలా వదులుగా వేలాడాలి. బంతి తగలగానే జోరు అందులోనే చావాలి. కింది అంచు ఒక అడుగు నేల మీద మీ వైపు పరుచుకుని ఉండాలి, లేదంటే బంతి కిందనుంచి జారిపోతుంది. దాని వెనక ఒకటి రెండు అడుగుల ఎడంలో పాత టార్పాలిన్ ఇంకొకటి వేలాడదీయండి. నెట్ ఎక్కడైనా చిరిగితే అది కాపాడుతుంది.

మూడోది కొలతలు. నేను 10 అడుగుల ఎత్తు, 12 అడుగుల వెడల్పు పెట్టాను. ఊళ్లో వెల్డింగ్ షాప్‌లో జీఐ పైపులతో ఫ్రేమ్ చేయించుకోవచ్చు. బంతికీ నెట్‌కీ మధ్య 8 అడుగులు ఉంచాను. అక్కడినుంచి 45 డిగ్రీల కోణంలో లేచిన బంతి కూడా నెట్‌ని 8 అడుగుల ఎత్తులోనే తాకుతుంది, పైనుంచి దాటదు. పక్కలకి రెక్కలు తప్పనిసరి. ఎందుకంటే షాంక్ అని ఒకటుంది. బంతి స్టిక్ మొహానికి కాకుండా మెడ దగ్గర తగిలితే, కుడిచేతి వాటం ఆటగాడికి దాదాపు పక్కకే దూసుకుపోతుంది. మీ తమ్ముడో స్నేహితుడో వీడియో తీస్తూ నిలబడేది సరిగ్గా అక్కడే! ఫోన్ పట్టుకున్నవాడు ఎప్పుడూ మీ వెనకే, నెట్ రెక్కలకి బాగా దూరంగా నిలబడాలి. పైపులకి మాత్రం ఫోమ్ చుట్టండి. ఇనుముకి తగిలిన బంతి ఎటు తిరిగొస్తుందో ఎవరూ చెప్పలేరు.

నాలుగోది, మన ఎండ. నైలాన్ ఎండకి పెళుసు అవుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల సత్తువ పోతుంది. నెలకోసారి బంతి ఎక్కువగా తగిలే చోట రెండు చేతులతో గట్టిగా లాగి చూడండి. దారం తెగిందంటే ఆ రోజు ప్రాక్టీస్ లేదు. నెట్ మార్చాకే స్టిక్ పట్టుకోవాలి. నెట్ వెనక ఏముందో కూడా చూసుకోండి. నాది మట్టి కట్టకి ఎదురుగా ఉంది. ఇల్లు, రోడ్డు, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్, బోరు షెడ్డు వైపు ఎప్పుడూ పెట్టకండి. వీలైతే ఉత్తరానికో దక్షిణానికో తిరిగి కొట్టేలా పెట్టుకుంటే పొద్దున, సాయంత్రం ఎండ కళ్లలో పడదు.

ఇక కాళ్ల కింద ఏముండాలి? సిమెంట్ గచ్చు మీద పల్చటి మ్యాట్ వేసి రోజూ వంద బంతులు కొడితే మణికట్టు, మోచేయి పట్టేస్తాయి. మ్యాట్ కింద మందపాటి రబ్బరు షీట్ వేయండి. అది కూడా లేకుండా గడ్డి మీదే కొట్టాలంటే మనకో మంచి విషయం ఉంది. వేడి దేశాల గోల్ఫ్ కోర్సుల్లో వాడే బెర్ముడా గడ్డి అంటే ఇంకేదో కాదు, మన గరిక! వినాయకుడి పూజకి కోసుకొచ్చేదే. కోర్సుల్లో దాని హైబ్రిడ్ రకాలు వేస్తారు, అంతే తేడా. పొలంలో గరికని పీకలేక రైతులు తల పట్టుకుంటారు కదా, ఆ మొండితనమే ఇక్కడ మనకి పనికొస్తుంది. స్టిక్ తగిలి పెళ్ల లేచిన చోట ఇసుక, మట్టి కలిపి నింపి, ఆ స్ట్రిప్‌కి కొన్ని వారాలు రెస్ట్ ఇస్తే మళ్లీ అల్లుకుంటుంది.

అసలైన పుట్టింగ్ గ్రీన్ మాత్రం ఇంట్లో పెంచాలనుకోకండి. ఆ గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంచాలి, దాదాపు రోజూ కత్తిరించాలి, దానికి వేరే మిషన్ కావాలి. రాతి పొడి పరిచి, తడిపి, బాగా దిమ్మిస చేసి పైన ఆర్టిఫిషియల్ టర్ఫ్ వేస్తే చాలు. అసలు హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు. ప్లంబింగ్ షాప్‌లో దొరికే 110 పీవీసీ పైపు ముక్క పాతితే సరిపోతుంది. దాని లోపలి కొలత అసలు హోల్ కంటే కాస్త తక్కువే. ప్రాక్టీస్‌లో చిన్న హోల్ మంచిదేగా!

మిగిలిన ఖాళీ నేలలో 10, 20, 30 గజాల దూరంలో పాత టైర్లు పెట్టుకుని చిన్న షాట్లు కొట్టండి. నా నేల 66 గజాలుంది కదా, మరి 30 దగ్గరే ఎందుకు ఆగాను? ఎందుకంటే 30 గజాల కోసం కొట్టిన బంతి స్టిక్ కింది అంచుకి తగిలితే నేల మీదుగా దూసుకుంటూ దానికి రెట్టింపు దూరం పోతుంది. టైరు దాటాక మిగిలిన 36 గజాలు వేస్ట్ కాదు, అదే నా సేఫ్టీ. పక్క పొలంలో మనిషి కనిపిస్తే ఆ చిన్న షాట్లు కూడా ఆపేస్తాను, నెట్‌లోకే కొట్టుకుంటాను. ఖాళీలో ఫుల్ స్వింగ్ చేయాలని మరీ మనసైతే ఫోమ్ బంతులు వాడండి, అవి దూరం పోవు, తగిలినా దెబ్బ కాదు.

బంతుల్ని లెక్కపెట్టే అలవాటు చేసుకోండి. ముప్పై తెస్తే ముప్పై తిరిగి బకెట్‌లోకి రావాలి. ఒకటి గడ్డిలో ఉండిపోతే రేపు గడ్డి కోసే మిషన్ బ్లేడుకి తగిలి రాయిలా ఎగురుతుంది. దాని ప్లాస్టిక్ తొడుగు మట్టిలో తొందరగా కలిసిపోయేది కూడా కాదు.

నెట్‌లో బంతి ఎటు పోయిందో తెలియదు కదా, అక్కడే మీ ఫోన్ పనికొస్తుంది. నడుము ఎత్తులో స్టాండ్ పెట్టి, స్లో మోషన్‌లో ఒకసారి ఎదురుగా, ఒకసారి వెనకనుంచి తీయండి. స్టిక్ మొహానికి సుద్దపొడి రాస్తే బంతి ఎక్కడ తగిలిందో మచ్చ చెప్పేస్తుంది. మధ్యలో తగులుతుంటే మీరు సరైన దారిలోనే ఉన్నారు.

చివరగా, ఇదంతా మీరూ మీ ఇంట్లోవాళ్లూ వాడుకోవడానికి. డబ్బు తీసుకుని బయటివాళ్లని రానిద్దాం అనుకుంటే లెక్క మారిపోతుంది. సాగు భూమిని వేరే పనికి వాడటానికి అనుమతులు కావాల్సి రావచ్చు. పైపులు పాతకముందే రెవెన్యూ ఆఫీసులో, పంచాయతీలో కనుక్కోండి.

కాబట్టి ఫ్రెండ్స్, ఏదైనా ఆర్డర్ పెట్టకముందు ఒక పని చేయండి. ఒక తాడు తీసుకుని మీ నేల కొలవండి. నాలుగు వైపులా గట్ల మీద నడిచి, అవతల ఎవరు, ఏ టైమ్‌లో పని చేస్తారో వాళ్లనే అడగండి. మీరేం చేయబోతున్నారో చెప్పండి. నెట్‌కి పది సెంట్ల చోటు కూడా అక్కర్లేదు, ఇంటి పెరడు సరిపోతుంది. పక్కవాళ్లకి భయం లేకుండా కట్టుకున్న చిన్న నెట్‌లో ఏళ్ల తరబడి ఆడుకోవచ్చు. అదే ఒక్క బంతి ఎవరికైనా తగిలిందంటే, మన దగ్గర ఎన్ని ఎకరాలున్నా ఆట అక్కడితో సరి.

వచ్చే ఎపిసోడ్‌లో కొత్తవాళ్లకి అసలు ఎన్ని స్టిక్స్ కావాలి అనేది మాట్లాడుకుందాం. ఉంటాను మరి, జాగ్రత్తగా ఆడండి.