పడవ మోటారు తడబడుచున్నచో

గోదావరి లంకగ్రామములకు పడవ మోటారు వినోదవస్తువు కాదు. వరద వచ్చినపుడు గర్భిణులను, వృద్ధులను, పాలపిల్లలను గట్టునకు చేర్చునది అదియే. 2022 జూలైలో భద్రాచలమువద్ద నీటిమట్టము 71 అడుగులు దాటిన దినములలో ఈ సంగతి లంకలవారికి మరల అనుభవమునకు వచ్చినది. అట్టి సమయమున నడియేటిలో మోటారు ఒకమారు గర్జించి, ఒకమారు మూల్గి ఆగిపోయినచో పడవ ప్రవాహము పాలగును. కావున పడవ గల పంచాయతీల సభ్యులు ఈ తడబాటునకు కారణములను కొంత తెలిసికొనుట అవసరము. మరమ్మతు చేయువాడు మెకానిక్కే యైనను, అతనికి సరియైన ఆనవాలు చెప్పవలసినవారు మీరే.

మొదట మోటారు ఎప్పుడు తడబడుచున్నదో గమనింపవలెను. వేగముగా చక్కగా నడచి, నెమ్మదిగా నడుపునపుడు మాత్రమే ఆగిపోవుచున్నచో కార్బురేటరులోని సన్నని జెట్టు పూడియుండవచ్చును. నెమ్మదిగా బాగుండి, వేగము పెంచగానే నీరసించుచున్నచో ఇంధనము చాలినంత అందుటలేదని సాధారణముగా ఊహింపవచ్చును.

ఒక లంకగ్రామమున నేను చూచిన సంగతి చెప్పెదను. వరదకు ముందు పరీక్షార్థము పడవను దింపిరి. మోటారు పది నిమిషములు చక్కగా నడచి, పిదప నత్తిగా పలుక నారంభించెను. నలుగురు నాలుగు పానాలు పట్టుకొని ప్లగ్గులు ఊడదీసిరి. తుదకు ఒక వృద్ధ సరంగు ట్యాంకు మూతపైనున్న గాలిమరను విప్పగా గాలి చప్పుడుతో లోనికి పోయెను, మోటారు కుదుటపడెను. గాలి చొరనిదే పెట్రోలు బయటకు రాదు.

కనుక ముందుగా గాలిమరను, పిదప గొట్టముమధ్యనుండు రబ్బరు బుడ్డిని చూడవలెను. మోటారు తడబడునపుడు బుడ్డిని నొక్కగా తేరుకొన్నచో లోపము ఇంధనము అందుటలోనే కలదు. బుడ్డి తనంతట చప్పిడియై లోనికి పీల్చుకొనిపోయినచో అడ్డు ట్యాంకువైపున ఉన్నది. ఎంత నొక్కినను గట్టిపడనిచో ఎక్కడనో గాలి చొరబడుచున్నదనియో, బుడ్డిలోని కవాటము చెడినదనియో గ్రహింపవలెను.

నిలువయున్న పెట్రోలును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. నేడు దొరకు పెట్రోలులో ఇథనాలు కలిసియుండును. అది చెమ్మను పీల్చుకొనును. నీరు మితిమీరినచో ఇథనాలు, నీరు కలిసి అడుగునకు దిగును. మోటారు గొట్టము పీల్చునది ఆ అడుగునుండియే. అనుమానమున్నచో ట్యాంకు అడుగునుండి కొంచెము గాజుసీసాలో పట్టి నిలిపి చూడుడు. క్రింద వేరొక పొర కనబడినచో ఆ ఇంధనము పనికిరాదు. గత సంవత్సరపు పెట్రోలును పొదుపు పేర పోయుట ఎంతమాత్రము పొదుపు కాదు. పెట్రోలులో నూనె కలుపవలసిన మోటార్లకు పాళ్లు మోటారుతో వచ్చిన పుస్తకమును బట్టి కలుపవలెను. కంటి అంచనా కూడదు.

ఇంధనము బాగున్నచో ప్లగ్గులు చూడవలెను. రెండు సిలిండర్ల మోటారులో ఒక ప్లగ్గు పొడిగా గోధుమవన్నె కలిగి, రెండవది నల్లగా తడిసియున్నచో ఆ సిలిండరు మండుటలేదు. మోటారు ఆపి రెండు ప్లగ్గులను అటునిటు మార్చుడు. లోపము ప్లగ్గుతోపాటు మారినచో ప్లగ్గే చెడినది. మారక అచ్చటనే నిలిచినచో తీగనో, నిప్పురవ్వ పుట్టించు భాగమునో మెకానిక్కు చూడవలెను.

గుర్రపుడెక్క పంకాకు చుట్టుకొన్నను మోటారు బరువుగా మూల్గును. దానిని తీయుటకు ముందు మోటారు ఆపి, ఆపుడు త్రాడును తీసి దగ్గర పెట్టుకొనవలెను. పంకాలో చేయి ఉండగా మోటారు తిరిగినచో వ్రేళ్లు దక్కవు. వెనుకనుండి పిచికారివలె నీరు వచ్చుచున్నదా యనికూడ చూడుడు. రానిచో వెంటనే ఆపవలెను. గట్టుమీద నీరు లేకుండ మోటారు నడిపి చూపుట కొందరి అలవాటు. దానివలన నీటిపంపులోని రబ్బరు చక్రము అతిత్వరలో పాడగును. నీరు నింపిన పీపాలో దింపి నడుపవలెను.

పడవలో రెండు క్రొత్త ప్లగ్గులు, ప్లగ్గు పానా, ఒక అదనపు గొట్టము, లంగరు, తెడ్లు ఉండవలెను. జూన్ నెలలోనే ఒకనాడు పడవను దింపి, పూర్తి బరువుతో అరగంట నడిపించి, కనుగొన్న లోపములను పంచాయతీ పుస్తకమున తేదీతో వ్రాయించుడు.