ఐలమ్మకు భయమెట్లు తొలగెను?

బాలలారా! నిజాము కాలమున, దొర నివసించు గడి (కోటవంటి భవనము) ముందు చెప్పులు తొడిగి నడచుటకైనను జనులు వెరచుచుండిన దినములలో, జనగామ సీమలోని పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు పట్టి పండించిన పంటను భూస్వామియగు విసునూరు దేశ్‌ముఖు మనుషులు కోసికొనిపోవ వచ్చినప్పుడు ఎదురునిలిచెను. ఆంధ్రమహాసభ గ్రామసంఘమువారు ఆ వరిని కోసి, ధాన్యమును ఆమె యింటికి చేర్చిరి. ఇది యెట్లు సాధ్యమయ్యెను?

భయము ఒంటరితనమున పెరుగుననియు, ప్రక్కన నలుగురు నిలిచిరని తెలిసినంతనే గుండె కుదుటపడుననియు మనస్తత్వశాస్త్రము చెప్పును. మరి ఆ నలుగురు ఎక్కడినుండి వచ్చిరి? దీనికి సమాజశాస్త్రము బదులు చెప్పును. చాకలి, మంగలి, కుమ్మరి మొదలగువారు తమకు విధింపబడిన వెట్టిని, అనగా కూలిలేని చాకిరిని, వేరువేరుగ చేయుచుండినంతకాలము ఎవరి కష్టము వారిదిగనే తోచెడిది. ఆ సంఘములు ఆ కష్టములన్నిటికి మూలమొక్కటేయని చూపిన పిదప వారందరు ‘మనము’ అయిరి. నాకీ మార్పే అన్నిటికంటె గొప్పదిగ తోచును. ఇక, చెమటోడ్చినవానిదా పంట, బలముగలవానిదా యని యడుగునది నీతిశాస్త్రము.

ఆ ‘మనము’ అను భావము బలమెంతటిదో చూడుడు. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా సాగుచుండిన సంఘమువారిపై ఆ దేశ్‌ముఖు మనుషులు కాల్పులు జరుపగా వారిలోని దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. జనులు చెదరిపోక దొర గడినే చుట్టుముట్టిరి.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పిల్లలారా! మీ యింటి పెద్దలను వెట్టిని గూర్చి యడిగి, వారు చెప్పినదానిని వారి మాటలలోనే వ్రాసియుంచుడు.