పేరొకటి, పెట్టెలు పెక్కు

సృష్ట్యాదియందు ఆదాము జంతువులకు పేర్లు పెట్టెనని ఆదికాండమునందు చదువుచున్నాము. పేరెఱుగని వస్తువును పిలువజాలము. పిలువజాలని వస్తువు మనయొద్ద ఉన్నను లేనట్లే. పూర్వవిద్యార్థి యొకడు ఇరువది యేండ్ల పిమ్మట తన పుట్టిన తేదీ ధ్రువపత్రమునకై వచ్చినప్పుడు, అడ్మిషను రిజిష్టరులోని ఆ పుట దొరకనిచో అతని ఉద్యోగమే తప్పిపోవచ్చును.

నేడట్టి రికార్డులు కంప్యూటరు ఫైళ్లుగా దాచబడుచున్నవి. పలువురకు కావలసిన ఫైళ్లను నెట్‌వర్కునకు తగిలించిన నిల్వపెట్టెలో నుంతురు; దానినే ఫైలు సర్వరందురు. తెనాలి, బాపట్ల, రేపల్లెలయందు మూడు పాఠశాలలును, ఊరికొక సర్వరును కలవనుకొందము. ఫైలు కావలసినవాడు ముందుగా అది యే సర్వరులో నున్నదో తెలిసికొనవలెను. పాత సర్వరును తీసి క్రొత్తది పెట్టినచో, అందఱును వ్రాసికొన్న చిరునామాలు వ్యర్థమగును. ఫైలు క్షేమముగానే యుండును గాని దొరకదు.

ఈ చిక్కును తీర్చునదే ఏకనామవ్యవస్థ. అనగా, పెట్టెలెన్ని యున్నను, పేర్లన్నియు ఒకే చెట్టు కొమ్మలవలె నుండుట.

దీనికి మనమెఱిగిన యుపమానము పిన్‌కోడు. తపాలాశాఖవారు దీనిని 1972 ఆగష్టు 15వ తేదీన ప్రవేశపెట్టిరి. తెనాలికి 522201, బాపట్లకు 522101, రేపల్లెకు 522265. 2022 ఏప్రిల్ 4వ తేదీన క్రొత్త జిల్లాలేర్పడగా బాపట్ల, రేపల్లెలు బాపట్ల జిల్లాలో చేరెను. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచెను. అయినను అంకెలు మాఱలేదు. ఉత్తరముల బటువాడా ఆగలేదు. లోపలి యేర్పాటు మాఱినను పైపేరు మాఱకుండుటయే ఇందలి మర్మము.

ఇది పనిచేయు విధమెట్లనగా: ఉపాధ్యాయుడు ‘పాఠశాలలు/రేపల్లె/అడ్మిషను/1998’ అను పేరును తెఱచును. అతని కంప్యూటరు మొదట సూచిక యంత్రము నడుగును. ‘అది ఫలానా సర్వరులో నున్నది’ అని సూచిక చెప్పగా, కంప్యూటరు నేరుగా ఆ సర్వరునకే పోవును. ఇచ్చట ‘రేపల్లె’ యనగా పాఠశాల పేరే గాని పెట్టె పేరు కాదు. ఆ ఫైళ్లను బాపట్లకు మార్చినచో సూచికలో నొక్క పంక్తి దిద్దిన చాలును.

ఈ యూహ క్రొత్తది కాదు. అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారు, ఐ.బి.ఎం. కంపెనీతో కలసి, 1980వ దశకములోనే ‘ఏ.ఎఫ్.ఎస్.’ అను వ్యవస్థను నిర్మించిరి. అందు ఫైళ్ల సముదాయములను ఒక సర్వరునుండి మఱియొకదానికి మార్చినను, వాడువారి పేర్లు మాఱవు.

స్థాపింపదలచినవారు క్రమముగా నిట్లు చేయవలయును.

మొదటిది: ప్రతి సర్వరులో నేమున్నదో జాబితా వ్రాయవలెను. ‘మార్కులు’ అను పేరుతో మూడు ఫోల్డర్లున్నచో వాటిని ముందే వేఱుపఱుపవలెను.

రెండవది: పేర్లను విషయమును బట్టియు, సంవత్సరమును బట్టియు నిర్ణయింపవలెను. యంత్రముల పేర్లుగాని, ఉద్యోగుల పేర్లుగాని చేర్పరాదు, అవి మాఱునవి.

మూడవది: సూచికను నెలకొల్పవలెను. విండోస్ సర్వరులో దీనికై ‘డి.ఎఫ్.ఎస్.’ అను సాధనము కలదు. ధనము తక్కువగలవారు లినక్సుపై ‘సాంబా’ను ఉచితముగా వాడవచ్చును. సూచిక చెడిన త్రోవయే మూసికొనును గనుక, దాని నకలును వేఱొక యూర సిద్ధముగా నుంచవలెను.

నాలుగవది: ఒక్కొక్క ఫోల్డరునే చేర్చి, పరీక్షించి, తరువాతిదానికి పోవలెను. విండోస్ కంప్యూటరు సూచిక యిచ్చిన జవాబును సాధారణముగా అరగంటసేపు జ్ఞాపకముంచుకొనును. కావున ఫైళ్లను మార్చిన వెంటనే పాత చోటును తుడిచివేయరాదు.

రెండు హెచ్చరికలు. సూచిక త్రోవ చూపునదే గాని కాపలాదారు కాదు. ఎవరేది చూడవచ్చునో ప్రతి సర్వరునందును వేఱుగ నిర్ణయింపవలెను. మఱియు, పేరు నకలు కాదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిగ్జాం తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటెను. మనది సముద్రతీర ప్రాంతము. నీరు రేపల్లె సర్వరును ముంచినచో పేరు మిగులును గాని ఫైలు మిగులదు. ముందే తెనాలిలో నకలుంచినచో, సూచికను అటు త్రిప్పిన చాలును. అడుగువానికి భేదమే తెలియదు.

విద్యార్థులారా! మీ పుస్తకములకును, ఫైళ్లకును పేరు పెట్టునపుడు ‘ఇది యెచ్చట నున్నది’ అని గాక ‘ఇది యేమి’ అని తెలుపు పేరు పెట్టుడు. చోటు మాఱును, సరియైన పేరు మీ తరువాతి వారికిని ఉపయోగపడును.