చెరసాలలో స్త్రీల ఆరాధన

చెరలో నున్నవారిని పరామర్శించుట తన్ను పరామర్శించుటయే యని క్రీస్తు బోధించినట్లు మత్తయి సువార్త 25వ అధ్యాయము చెప్పుచున్నది. పరామర్శ సులభమే, ఆరాధన జరిపించుట కష్టము. బయటి ప్రపంచమున ప్రసంగము నచ్చనివారు లేచి వెళ్లిపోవచ్చును. బందీకి ఆ వీలు లేదు. అట్టిచోట భక్తి నిర్బంధము కాకుండుట యెట్లు?

ఈ ప్రశ్నకు ఆచరణలో సమాధానము చూపిన మహిళ ఎలిజబెత్ ఫ్రై. 1780లో ఇంగ్లండులో జన్మించిన ఈమె క్వేకరు శాఖకు చెందినది. 1813లో లండనులోని న్యూగేటు చెరసాలకు వెళ్లెను. అచట సుమారు 300 మంది స్త్రీలు పిల్లలతో సహా ఇరుకు గదులలో క్రిక్కిరిసి యుండిరి. శిక్షపడినవారికిని విచారణకై వేచియున్నవారికిని భేదమే లేదు. ఆమె మొదట తీసికొనిపోయినది పసిబిడ్డలకు వెచ్చని బట్టలు.

కొన్నేండ్ల పిమ్మట మరల వచ్చి, పిల్లలకు బడి పెట్టుదమా యని తల్లులనే అడిగెను. ఉపాధ్యాయురాలిని ఆ బందీలే తమలోనుండి ఎన్నుకొనిరి. 1817లో సంఘ మేర్పడినప్పుడు నియమములను ఒక్కొక్కటిగా చదివి వినిపించి, చేతులెత్తి సమ్మతి తెలుపుమనిరి. కుట్టుపని, అల్లిక, బైబిలు పఠనము ఆ సమ్మతి మీదనే నడచెను. అంతవరకు ఆజ్ఞలే వినిన స్త్రీలను ఒకరు అభిప్రాయ మడుగుట అందలి విశేషము. 1818లో ఆమె బ్రిటిషు పార్లమెంటు సంఘము ఎదుట సాక్ష్యమిచ్చెను. స్త్రీ ఖైదీలకు స్త్రీలే కావలి యుండవలెనని 1823 నాటి చట్టము విధించెను.

ఈ పాఠము అనంతపురము వంటి కరవుసీమకును వర్తించును. 19వ శతాబ్ది చివరి దశాబ్దములలో లండన్ మిషనువారు గుత్తి, అనంతపురములలో నెలకొల్పిన సంఘములు 1947లో దక్షిణ ఇండియా సంఘమున చేరినవి. వాన లేక వేరుశనగ ఎండిపోయిన యేట, కూలికై బెంగుళూరు పోయిన కుటుంబమునకు, కడపలోనో రాజమహేంద్రవరములోనో స్త్రీల కారాగారమందున్న తల్లిని చూచి వచ్చుట యెంత భారమో చెప్పనక్కరలేదు. అయినవారు రాలేని చోట, వారము తప్పక వచ్చు మనిషియే సగము ఊరట.

అట్టి కూటమికి అక్షరజ్ఞాన మడ్డుకాదు. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటి కవుల వలన క్రైస్తవ కీర్తనలు తెలుగు బాణీలో నున్నవి. ఒకరు చరణ మందుకొనగా తక్కినవారు వంత పాడుదురు; చదువురాని స్త్రీయు నాయకురాలు కాగలదు. ప్రసంగము ముగించి వెళ్లిపోవు బోధకునికంటె, ఆమె చేత పాట నెత్తించిన బోధకుడే ఎక్కువ మేలు చేసినవాడు.

అయితే ఆ గదిలో హిందూ స్త్రీలు, ముస్లిము స్త్రీలు కూడ నుందురు. రాజ్యాంగము 25వ అధికరణము హామీ యిచ్చిన అంతఃకరణ స్వేచ్ఛ వారికిని కలదు. రొట్టెకో, సబ్బుబిళ్లకో, అధికారి మెప్పునకో ప్రార్థన వెల కాకూడదు. రానివారికి నష్టము లేనప్పుడే వచ్చినవారి భక్తి నిజమైనది.

తల్లితోపాటు చెరలో పెరుగు బిడ్డలును కలరు. 2006 ఏప్రిల్ 13న ఆర్. డి. ఉపాధ్యాయ్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముల వ్యాజ్యములో సుప్రీంకోర్టు, ఆరేండ్లవరకు పిల్లలను తల్లివద్ద నుంచవచ్చుననియు, నామకరణమునకు వీలు కల్పించవలెననియు, జన్మస్థలముగా కారాగారమును నమోదు చేయరాదనియు ఆదేశించెను. ఎలిజబెత్ ఫ్రై పసిబిడ్డల బట్టలతో న్యూగేటులో అడుగిడిన 193 ఏండ్లకు వెలువడిన ఈ తీర్పు ఆమె భావమునకు దూరము కాదు. చెరసాల మనిషి కదలికను బంధింపవచ్చును గాని, పేరును, మాటను, మనస్సును హరింపరాదు.