చాప సంగతి తర్వాత, ముందు వైరు చూడండి

ఇద్దరు మిత్రులు కలిసి పాత తెరచాప పడవ కొన్నారంటే మరమ్మతు చర్చ చాపల దగ్గరే మొదలవుతుంది. కొత్త చాప కంటికి ఇంపు, ఫొటోకి అందం. కానీ డబ్బు ముందు పెట్టాల్సింది స్తంభాన్ని నిలబెట్టే వైర్ల మీద.

హుస్సేన్‌సాగర్‌లో తిరిగే లేజర్ పడవకు ఈ బెడద లేదు. దాని స్తంభం గుంటలో దిగి తనంత తానే నిలబడుతుంది. ఫోర్ ట్వంటీ అలా కాదు. (నవ్వకండి, సెక్షన్‌తో సంబంధం లేదు. పడవ పొడవు 4.20 మీటర్లు, అంతే. 1959లో ఫ్రాన్సులో క్రిస్టియన్ మోరీ గీసిన నమూనా.) షామియానా గుంజను తాళ్లు లాగి పట్టినట్టు, దీని స్తంభాన్ని పక్కల రెండు, ముందు ఒకటి, మూడు స్టీలు వైర్లు పట్టి ఉంచుతాయి. ఇందులో ఒక మెలిక ఉంది. ముందు చాప ఎత్తి బిగించగానే ముందు వైరు వదులైపోతుంది. ఆ బరువంతా చాప అంచులోని వైరూ, దాన్ని పైకి లాగిన మోకూ మోస్తాయి. కాబట్టి ఆ మోకును మామూలు తాడు కింద జమకట్టి వాయిదా వేయకూడదు.

వైరు నడిమికి తెగడం అరుదు. రోగమంతా కొసల్లోనే, లోహపు తొడుగులో బిగించిన చోట. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడే పల్చటి పొర నిలవాలంటే ఆక్సిజన్ అందాలి. తొడుగు లోపల నీరు నిలిచిన చోట అది అందదు, తుప్పు లోలోపల తినేస్తుంది. ఉప్పునీటిలో ఇంకా త్వరగా. తొడుగు మీద వెంట్రుకంత పగులున్నా, గోధుమరంగు చార కారినా అనుమానించాలి. వైరు పొడవునా దూదితో తుడవండి, తెగిన పోగుంటే దూది చిక్కుకుంటుంది. వేళ్లతో మాత్రం తడమొద్దు, సూదిలా దిగుతుంది. పక్క వైర్లలో ఒకటి పోతే రెండూ మార్చాలి. రెండోదీ అంతే కాలం, అంతే బరువు మోసింది కదా. పొదుపు చేసే చోటు ఇది కాదు.

తాళ్ల విషయం తేలిక. సాగే నైలాన్ లంగరుకు పనికొస్తుంది, చాప ఎత్తడానికి కాదు. దానికి పాలిస్టరో, డైనీమానో వాడాలి.

వైర్లు మార్చాలంటే స్తంభం దించాలి, దానికి ఇద్దరుండాల్సిందే. ఒకరు ముందు వైరు పిన్ను తీస్తే రెండోవారు స్తంభాన్ని పట్టుకుంటారు. ఎవరు ఏది చేస్తారో, ఎవరి మాట మీద పిన్ను కదులుతుందో ముందే అనుకోవాలి. అంతకన్నా ముందు తల పైకెత్తి చూడాలి. అల్యూమినియం స్తంభం కరెంటు తీగకు తగిలితే ప్రాణాలే పోతాయి. పక్క వైర్లు ఏ రంధ్రంలో బిగించి ఉన్నాయో విప్పకముందే రాసుకోండి. కొత్తవి చేయించేటప్పుడు పాత వైరే కొలత, కొత్తవి చేతికొచ్చేదాకా దాన్ని పారేయొద్దు.

కొత్త వైరు పేటలు సర్దుకుంటూ మొదట్లో కాస్త సాగుతుంది. అందుకే తొలిరోజు తక్కువ గాలిలో తిప్పి, ఒడ్డుకొచ్చాక బిగువు సరిచూసి, అప్పుడు పిన్నులకు టేపు చుట్టాలి.